పెద్దమ్మ అడిగిన ప్రశ్న

ఆదివారం కదా అని సోంపేటలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. పనసకాయ కూర అదిరింది. కబుర్లు మాత్రం పాడైపోయిన వదిన కిడ్నీల దగ్గరే ఆగిపోయాయి.

అన్నయ్య తన కిడ్నీ ఇస్తానన్నాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. హమ్మయ్య అనుకునేలోపు, ఆ కిడ్నీని వదిన ఒళ్లు తిప్పికొడుతుందేమో చూసే టెస్టు, క్రాస్‌మ్యాచ్ అడ్డం తిరిగింది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి చుట్టాల్లో సగం డాక్టర్ని. పెద్దమ్మ నన్నే నిలదీసింది: "ఇద్దరు బిడ్డల్ని కన్న పిల్లకి మొగుడి కిడ్నీ పడకపోవడమేటి?"

తిరకాసంతా ఆ కాన్పుల్లోనే ఉంది. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లుంటాయి. వాటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద గుత్తిగా ఉంటాయి. తల్లి నుంచి ఒక గుత్తి, తండ్రి నుంచి ఒక గుత్తి బిడ్డకి వస్తాయి. మనిషికీ మనిషికీ ఇంతగా తేడా ఉండే జన్యువులు ఒంట్లో మరెక్కడా లేవు. పరాయి రకం కనపడితే రోగనిరోధక శక్తి ఊరుకోదు. కడుపులో బిడ్డకి సగం తండ్రి రకమే కదా, ఆ కణాలు తల్లి రక్తంలో కలిసినప్పుడు కొందరిలో వాటి మీద యాంటీబాడీలు తయారై ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వదినకి జరిగిందదే. అన్నయ్య కిడ్నీ పెడితే గంటల్లోనే పాడైపోవచ్చు.

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే అయ్య ఆనవాలు పిల్లలే ముందుగా అమ్మకి చూపించేసారన్నమాట." నేను చెప్పినదానికంటే అదే బాగుంది.

వదిన తల్లిదండ్రులు లేరు. తల్లి ఇదే జబ్బుతో పోయింది. ఇక మిగిలింది తమ్ముడు. తోబుట్టువుల్లో రెండు గుత్తులూ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే, అసలేమీ కలవకపోవడానికీ అంతే. ఒక్క తల్లి బిడ్డలైనా చీటీలు తీసినట్టే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే మార్చిన కిడ్నీ నిలబడిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చుగుద్దినట్టున్న కవలలు కాబట్టే. మిగతావాళ్లకి జీవితాంతం మందులు తప్పవు. అక్కడా జన్యువుల పేచీయే. సీవైపీ3ఏ5 అనే జన్యువు చురుగ్గా ఉన్నవాళ్ల ఒంట్లో, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్ అనే మందు త్వరగా ఖర్చయిపోతుంది, వాళ్లకి డోసు ఎక్కువ కావాలి. చాలకపోతే రిజెక్షన్, అంటే కిడ్నీని ఒళ్లు తిప్పికొడుతుందన్న భయం.

తమ్ముడికి ఇంకా ఏ టెస్టూ చేయలేదు. నాకు హెచ్‌ఎల్‌ఏ కన్నా కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూపించే వాడి క్రియాటినిన్ గురించే టెన్షన్. వాడూ కవిటిలో పుట్టి పెరిగినవాడే. అవే నీళ్లు తాగాడు, ఎండలో అవే కొబ్బరితోటల్లో పనిచేశాడు. సోంపేట, కవిటి ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఇంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్ని పరిశోధనలు జరిగినా ఖాయంగా తేలలేదు. బయటివాళ్లకి తోబుట్టువు దొరికితే సగం గండం గడిచినట్టు. ఇక్కడ ఆ తోబుట్టువు కిడ్నీ ఎలా ఉందో ముందు చూసుకోవాలి.

వదినదీ అదే మాట. "నా సంగతి తర్వాత, ముందు వాడి రక్తం చూపించండి" అని తేల్చి చెప్పేసింది. అన్నయ్య రేపు వాడిని పలాస తీసుకెళ్తున్నాడు.