స్పిష్ కోటలో డ్రాగన్ జాడ

బస్సు లెవోచా ఊరు దాటాక కోట ఒక్కసారిగా బయటపడింది. చుట్టూ పచ్చిక మైదానం, మధ్యలో సున్నపురాతి గుట్ట, దాని నెత్తిన పొడుగ్గా పాకిన తెల్లటి గోడలు. "ఇదేనా మీ డ్రాగన్ ఇల్లు?" అంది మా ఆవిడ, కిటికీకి ముక్కు ఆనించి.

స్లొవేకియా వెళ్తున్నామంటే ఆఫీసులో అందరూ టాట్రా పర్వతాల కోసమే అనుకున్నారు. నేను వెళ్లింది 1996లో వచ్చిన 'డ్రాగన్‌హార్ట్' సినిమా కోసం. కథ జరిగేది పదో శతాబ్దపు ఇంగ్లండులో, తీసింది మాత్రం స్లొవేకియాలో. కథానాయకుడు బోవెన్ ఒక నైట్, అంటే గుర్రమెక్కి పోరాడే యోధుడు. నమ్ముకున్న రాకుమారుడు దుర్మార్గుడిగా మారాక, ఆ పాపమంతా డ్రాగన్లదేనని కసి పెంచుకుని వాటిని చంపుతూ, ఆ కూలితోనే బతుకుతుంటాడు. చివరికి మిగిలిన ఒకే ఒక్క డ్రాగన్‌తో బేరం కుదుర్చుకుంటాడు. అది ఊరి మీద పడి హడలగొట్టాలి, ఇతను వెళ్లి చంపినట్టు నటించాలి, ఊరివాళ్లిచ్చే సొమ్ము మూటగట్టుకుని ఇద్దరూ పక్క ఊరికి పోవాలి. కత్తి కాంతారావుకి ఇలాంటి వేషం ఎవరైనా రాసుంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కోట కింద ఉన్న ఊరి పేరు స్పిష్‌స్కే పోద్‌హ్రాదియే. అక్కణ్ణుంచి గడ్డిలో కాలిబాట పైకి పోతుంది. మొదట్లో ఉషారుగానే ఉంటుంది, సగం దూరానికే ఆయాసం మొదలు. దారి పక్క ఉడతలాంటి జీవులు కన్నాల్లోంచి తలలెత్తి నిటారుగా నిలబడి చూస్తున్నాయి. చెట్లెక్కవు, నేలలోనే కాపురం. మా ఆవిడ ఫోను తీసి జూమ్ చేసేలోపు అన్నీ మాయం.

లోపలికి వెళ్లాక గానీ దీని సైజు తెలియదు. నాలుగు హెక్టార్లకు పైగా స్థలం, మధ్య యూరప్‌లోని అతి పెద్ద కోటల్లో ఒకటి. 1241లో తాతారులు, అంటే మంగోలు సైన్యాలు, దండెత్తి వచ్చినప్పుడు కూడా ఇది వాళ్ల చేతికి చిక్కలేదు. 1780లో మంటల్లో తగలబడి, ఆ తర్వాత మళ్లీ లేవలేదు. పిడుగు పడిందని కొందరు, సైనికులు సారా కాస్తుంటే అంటుకుందని కొందరు, పన్ను ఎగ్గొట్టడానికి యజమానులే తగలబెట్టించారని ఇంకొందరు అంటారు. నా ఓటు సారాకే. నిప్పు కక్కే డ్రాగన్ అక్కర్లేకుండానే పని అయిపోయిందన్నమాట. 1993 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

పైకోటలో గుండ్రటి బురుజుంది. లోపల మెట్లు ఎంత ఇరుకంటే, దిగేవాళ్లు ఎదురైతే గోడకి అతుక్కుపోవాల్సిందే. రాయి చల్లగా, చేతులు తగిలీ తగిలీ నున్నగా అయిపోయింది. పైన గాలి చెవుల్లో హోరెత్తిస్తోంది. ఒకవైపు స్పిష్‌స్కా కపితులా చర్చి జంట గోపురాలు, దూరంగా మబ్బు చాటున టాట్రాలు. వాన కురిసే రాత్రి బోవెన్ ఆర్థర్ రాజు స్మారకం దగ్గరికి వచ్చి, మరిచిపోయిన ప్రతిజ్ఞను మళ్లీ తలకెత్తుకునే సీను తీసింది ఈ కోటలోనే. ఆ విగ్రహాలేవీ ఇప్పుడు లేవు, అవన్నీ సినిమావాళ్ల సరుకు. ఆ మాటకొస్తే షూటింగ్ రోజుల్లో డ్రాగన్ కూడా లేదు. దాన్ని తర్వాత కంప్యూటర్లో తయారుచేశారు, గొంతు షాన్ కానరీ ఇచ్చాడు. పాపం బోవెన్ వేషం వేసిన డెనిస్ క్వైడ్ ఖాళీ గాలితో గొడవపడుతూ, నవ్వుతూ, కన్నీళ్లు పెట్టుకుంటూ నటించాడు. నేనూ కాసేపు ఆ గాలిలోకే చూస్తూ నిలబడ్డాను. "ఏమండీ, ఆకలేస్తోంది" అని పిలుపొచ్చింది.

కింద ఊళ్లో హలుష్కి తిన్నాం. బంగాళాదుంప పిండితో చేసిన చిన్న చిన్న ఉండలు, పైన గొర్రెపాల చీజ్. దాని మీద వేయించిన పందిమాంసం ముక్కలు చల్లుతారు కాబట్టి శాకాహారులు ముందే చెప్పుకోవాలి. మాకు విడిగా గిన్నెలో తెచ్చిచ్చారు, నాకు రెండింతలు దక్కింది.

రాత్రి పోప్రాద్‌లో హోటల్ గదిలో మా ఆవిడకి సినిమా చూపించాను. మర్నాడు పొద్దున ఆ ఊళ్లోనే ఉన్న స్పిష్‌స్కా సోబోటా అనే పాత వీధికి నడిచాం. అక్కడి సెయింట్ జార్జ్ చర్చిలో 1516 నాటి చెక్క బలిపీఠం ఉంది. లెవోచా ఊరి శిల్పి మాస్టర్ పాల్ పనితనం. లెవోచా చర్చిలో 18.6 మీటర్ల ఎత్తు బలిపీఠం చెక్కింది కూడా ఆయనే. ఇక్కడ నడిమధ్యన గుర్రం మీద జార్జ్, కింద డ్రాగన్. బంగారు పూత ఇంకా మెరుస్తోంది.

"చూశావా, ఈయన కథలో డ్రాగన్‌ని చంపడమే ఘనకార్యం. మన బోవెన్ దానితో స్నేహం చేశాడు" అన్నాను, గైడులాగా.

"చేస్తే? చివర్లో గొడ్డలి విసిరింది అతనేగా!"

"అది డ్రాగనే అడిగింది కదే. తన గుండెలో సగం ఆ దుర్మార్గపు రాకుమారుడికిచ్చింది. అది చస్తే తప్ప వాడు చావడు మరి."

"అడిగితే మాత్రం చంపేస్తారా అండీ?"

రైలు ఎక్కి బ్రాటిస్లావా చేరేదాకా ఇదే పంచాయితీ.