మెరుపు కాదు, పిడి చూడుండ్రి

"మెరుపు చూసి తీసుకోకు చెల్లె, పిడి దిక్కు చూడు" అని ఇయ్యాల నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణంల ఒకామెకు చెప్పాల్సొచ్చింది. ఆమె చేతిల ఉన్న కత్తికి, అలుగు ఉక్కు పిడి లోపల సగం దాకనే ఉంది.

అలుగు ఉక్కు, పిడి లోపల చివరి దాకా పోవాలె. సగంలనే ఆగితే సందులకు నీళ్లు పోయి పిడి వదులైతది. గుమ్మడికాయ మీద గట్టిగ ఒత్తేటప్పుడు అది ఊగితే చెయ్యి తెగుతది.

ఇంటికి 8 అంగుళాల అలుగున్న కత్తి సరిపోతది. కొనేముందు కత్తిని కూరగాయలు కోసే పలక మీద ఆనించి పట్టుకోండ్రి. వేళ్ల కణుపులు పలకకు తగిలితే ఎంత మంచి కత్తైనా వద్దు.

కార్బన్ స్టీలుకు పదును బాగొస్తది గానీ, చింతపండు, నిమ్మకాయ పులుపు తగిలితే నల్లబడతది, తడి ఉంటే తుప్పు. రోజు వంటకు స్టెయిన్‌లెస్సే నయం. జపాన్ తీరు కత్తుల ఉక్కు గట్టిది, అంచు సన్నం, అంచు సాన కోణం ఒక్కో పక్క 15 డిగ్రీల దాకా ఉంటది. నాటుకోడి బొక్కల మీద కొడితే పెచ్చులూడుతది. బొక్కలకు వేరే కత్తి పెట్టుకోండ్రి.

గ్రానైట్ గట్టు మీద మాత్రం కొయ్యకుండ్రి, బతిమాలుతున్న. అంచు మడత పడతది. కింద చెక్క పలక ఉండాలె. మొద్దుబారితే 1000 గ్రిట్ (రాయి గరుకు కొలత) సానరాయి చాలు.