కొండలైపోయిన స్టేడియం

ఆగస్టు 12, మంగళవారం

తెల్లవారుజామున మొదలైన వాన ఎనిమిది దాటినా వదలకపోవడంతో ఈ రోజు బీచ్ రోడ్డు నడక మానుకుని, గొడుగు వేసుకుని ఎం.వి.పి. కాలనీ రైతుబజారు దాకా మాత్రం వెళ్లి, అరకిలో బెండకాయలు, రెండు ఆనపకాయలు తెచ్చాను. రెండో ఆనపకాయ ఎందుకని ఇంట్లో అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. వాన వల్ల బడికి సెలవు ఇచ్చారట, మనవడు వరండాలో కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. పంద్రాగస్టు సభలో వాడు ఐదు నిమిషాలు మాట్లాడాలి. స్వతంత్ర భారతదేశానికి వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణం గురించి చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన తాత ఇంట్లో ఉండగా వాడు ఫోనులో వెతుక్కోవడం చూసి మనసులో కొంచెం కినుక కలిగిన మాట నిజమే గాని, వాడు కాగితం నెత్తిన రాసుకున్న తేదీ చూడగానే అది కాస్తా పోయింది. 1948 ఆగస్టు 12. ఏడాది మారింది గాని, తేదీ ఈ రోజుదే.

"తాతయ్యా, చార్టు మీద ఆ గ్రౌండు ఫొటో అంటిస్తాను. లండన్లో వెంబ్లీ స్టేడియం" అన్నాడు. వాడు చూపించిన బొమ్మలో స్టేడియం మీద పెద్ద తెల్లని ఉక్కు కమాను ఉంది. అది కాదురా, ఆ స్టేడియాన్ని ఎప్పుడో కూల్చేశారు, ఇది అదే చోట అదే పేరుతో 2007లో తెరిచిన కొత్తది అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మనం గెలిచిన గ్రౌండును మనల్ని అడగకుండా ఎలా కూల్చేస్తారు?" అన్నాడు. నవ్వు వచ్చింది గాని, ఆ మాట రోజంతా నన్ను వదలలేదు. అందుకే ఈ రాత్రి ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది ఏమిటంటే, కిషన్‌లాల్ నాయకత్వంలోని మన హాకీ జట్టు గ్రేట్ బ్రిటన్‌ను వాళ్ల సొంత మైదానంలో 4-0తో ఓడించింది. మొదటి రెండు గోళ్లూ బల్బీర్ సింగ్ కొట్టాడు, తరువాతివి త్రిలోచన్ సింగ్, పాట్ జాన్సెన్ కొట్టారు. 1928, 1932, 1936 సంవత్సరాల్లో కూడా స్వర్ణం మనదే అయినా, ఆ మూడుసార్లూ మనం ఆడింది బ్రిటిష్ ఇండియా పేరు మీద. పైగా ఆ మూడు ఒలింపిక్స్‌లోనూ బ్రిటన్ తన హాకీ జట్టును దింపనే లేదు. పాలించినంత కాలం మనతో తలపడని జట్టు, పాలన పోయి ఏడాది నిండబోతుండగా మూడు రోజుల ముందు మనకు ఎదురు నిలబడింది. నాకు బడిలో ఆటలు నేర్పిన మాస్టారు ఈ మ్యాచి గురించి చెప్పినప్పుడల్లా, వానకు మైదానం చిత్తడిగా మారితే మనవాళ్లలో ఇద్దరు ముగ్గురు బూట్లు విప్పేసి ఉత్త కాళ్లతో ఆడారని చేతులు తిప్పుతూ వర్ణించేవారు. ఆయన అక్కడ లేరు, రేడియోలో కూడా వినలేదు. అయినా ఆ బురద ఆయన పంచెకు అంటుకున్నట్టే ఉండేది ఆ చెప్పడం.

మనవాడికి స్టేడియం పుట్టుపూర్వోత్తరాలు కావలసి వచ్చాయి. నిజానికి ఆ చోటికి కూల్చివేతలు కొత్త కావు. ఎడ్వర్డ్ వాట్కిన్ అనే రైల్వే కంపెనీ పెద్దమనిషి, ఈఫిల్ టవరును మించిన టవరు కట్టాలని పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ పని మొదలుపెట్టాడు. అది 47 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. నేల కుంగింది, డబ్బు చాలలేదు, జనం రాలేదు. చూసినవాళ్లు దానికి వాట్కిన్ పిచ్చి అని పేరు పెట్టుకున్నారు. 1907 నాటికి దాన్ని మందుగుండు పెట్టి పడగొట్టేశారు. ఆ ఖాళీ నేల మీదే 1923లో స్టేడియం లేచింది. 1924లో జరపబోయే బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు ముఖ్యాకర్షణగా, ఏడున్నర లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి, 300 రోజుల్లో కట్టేశారు. కొత్తలో దాని పేరే ఎంపైర్ స్టేడియం. ముందువైపు రెండు తెల్లని కాంక్రీటు బురుజులు ఉండేవి. ఇంగ్లండులో ఎవరికి వెంబ్లీ అని చెప్పినా ముందుగా కళ్లకు కట్టేవి అవే.

సామ్రాజ్యం గొప్ప చాటడానికి కట్టిన మైదానంలో, ఆ సామ్రాజ్యం నుంచి అప్పుడే బయటపడిన దేశపు జట్టు పావు శతాబ్దం తరువాత గెలిచిందని నేను కొంచెం ఆవేశంగానే చెప్పాను. వాడికి అది పెద్దగా ఎక్కలేదు. గుర్రం మాత్రం ఎక్కింది.

ఆ గుర్రం కథ 1923 ఏప్రిల్ 28 నాటిది. స్టేడియంలో జరిగిన మొట్టమొదటి మ్యాచి బోల్టన్, వెస్ట్‌హామ్ జట్ల మధ్య, ఇంగ్లండు ఫుట్‌బాల్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ ఫైనల్. ముందుగా టిక్కెట్లు అమ్మే ఏర్పాటు సరిగా లేకపోవడంతో లండన్ అంతా కట్టగట్టుకుని వచ్చింది. లెక్కలో చూపినవాళ్లే 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవాళ్లను కలిపితే రెండు లక్షలు దాటి ఉంటారని అంచనా. గ్యాలరీలు పొంగి జనం ఆటస్థలం మీదికి వచ్చేశారు. గుర్రపు పోలీసులు దిగి, అంగుళం అంగుళంగా వాళ్లను గీతల అవతలికి నెట్టుకుంటూ పోయాక, ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలైంది. బోల్టన్ 2-0తో గెలిచింది గాని, ఆ రోజు పేరు వచ్చింది గెలిచినవాళ్లకు కాదు, జార్జి స్కోరీ అనే కానిస్టేబులు ఎక్కిన బిల్లీ అనే గుర్రానికి. బూడిదరంగు గుర్రమే గాని, ఆనాటి నలుపు తెలుపు ఫిల్ములో తెల్లగా కనిపించడంతో అది తెల్లగుర్రం ఫైనల్‌గా స్థిరపడిపోయింది.

మధ్యాహ్నం పప్పూ ఆనపకాయ కూరా తిన్నాక, వాన తెరిపిచ్చింది గాని నిద్ర పట్టలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన మనిషి ఆర్థర్ ఎల్విన్. సామ్రాజ్య ప్రదర్శనలో పొగాకు కొట్టులో పనిచేసిన కుర్రవాడు. 1925లో ప్రదర్శన ముగిశాక ఆ మండపాలన్నీ పనికిరానివై పడి ఉంటే, అతను ఒక్కొక్కటే కొని, పగలగొట్టి, ఆ తుక్కు అమ్ముకుంటూ పైకి వచ్చాడు. స్టేడియానికి కూడా అదే గతి పట్టవలసింది. ఏడాదికి ఒక్క కప్ ఫైనల్ తప్ప మరో రాబడి లేని కట్టడాన్ని ఎవరు పోషిస్తారు? 1927లో ఎల్విన్ దాన్ని కొని, కూల్చడానికి బదులు ఆటస్థలం చుట్టూ వేటకుక్కల పందేలు పెట్టించాడు. ఆ పందేల మీద వచ్చిన డబ్బే స్టేడియాన్ని బతికించింది. ఇంగ్లండులో ఫుట్‌బాల్‌కు గుడి లాంటిదని పొగిడే కట్టడం దశాబ్దాల తరబడి కుక్కల పరుగు మీద బతికిందన్న సంగతిని పొగిడేవాళ్లు ఎక్కువగా తలచుకోరు. తుక్కు విలువ లెక్కకట్టడం తెలిసినవాడే ఆ గోడలను నిలబెట్టాడన్నది నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది.

1948 ఒలింపిక్స్‌కు కూడా ఆ పొదుపే పనికొచ్చింది. యుద్ధం ముగిసి మూడేళ్లే అయింది, లండన్లో ఇంకా తిండికి రేషను నడుస్తోంది, కొత్త స్టేడియం కట్టే ఆలోచనే లేదు. ఉన్న వెంబ్లీలోనే కుక్కల పందేల బాట మీద బొగ్గుకసవు పరిచి పరుగుల ట్రాకు తయారు చేసి, జులై 29న ఆటలు ప్రారంభించారు. మన బంగారం దక్కింది ఆ కరువు రోజుల్లో, ఆ సర్దుబాటు మైదానంలో.

ఆ తరువాత కథ లోకానికి తెలిసిందే. 1966లో ఇంగ్లండు పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. కప్పు అందుకోవడానికి ఆటగాళ్లు ఎక్కే 39 మెట్లకు కూడా పేరు వచ్చింది. చివరికి స్తంభాలు అడ్డొచ్చి ఆట కనిపించకపోవడం, మరుగుదొడ్ల దుస్థితి, ట్రాకు మూలంగా ప్రేక్షకులు ఆటకు దూరంగా కూర్చోవలసి రావడం లాంటి ఫిర్యాదులు పేరుకుపోయాయి. 2000 అక్టోబరు 7న వానలో జరిగిన ఆఖరి మ్యాచిలో ఇంగ్లండు జర్మనీ చేతిలో 0-1తో ఓడింది, శిక్షకుడు కెవిన్ కీగన్ అప్పటికప్పుడే రాజీనామా చేశాడు. 2002లో కూల్చివేత మొదలుపెట్టి, 2003 మొదట్లో ఆ జంట బురుజులను కూడా పడగొట్టారు. అవి రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నవే. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఏ గోడా నిలబడదు.

కూల్చినందుకు నాకు కోపం లేదు. స్తంభం వెనక కూర్చుని, మెడ పక్కకు వంచి మూడు గంటలు ఆట చూసిన వాడికే ఆ బాధ తెలుస్తుంది. కాని రెండు బురుజుల్లో ఒక్కదాన్నయినా ఉంచి ఉండవలసింది. ఒక బురుజు కొసభాగాన్ని దగ్గర్లోని పార్కులో గుర్తుగా పెట్టారు, అంతే.

తక్కిన శిథిలాలు ఎక్కడికి పోయాయో చెప్పినప్పుడు మాత్రం మనవడు కాగితం కింద పడేశాడు. పడమటి లండన్లో నార్తోల్ట్ అనే చోట, రాత్రింబవళ్లు రొద చేసే ఒక పెద్ద రహదారి పక్కన, ఇతర నిర్మాణాల శిథిలాలతో పాటు వెంబ్లీ తుక్కును కూడా పోసి నాలుగు శంఖాకారపు కొండలు చేశారు. మట్టి కప్పి, గడ్డి పెంచి, మెట్లు పెట్టి, 2008లో పార్కుగా తెరిచారు. లారీల్లో తెచ్చి పోసినందుకు వసూలు చేసిన రుసుముతోనే ఆ పార్కు తయారైంది, రహదారి చప్పుడు కూడా కొంత తగ్గింది. ఎల్విన్ చూసి ఉంటే ఆ లెక్కకు మెచ్చుకునేవాడు.

"కైలాసగిరి అంత ఉంటాయా?" అని అడిగాడు.

"అంత ఎక్కడ? మన అపార్టుమెంటుకు రెట్టింపు ఉంటాయేమో."

ఇళ్ల కోసం, రోడ్ల కోసం కొండలను తవ్వడమే చూసిన విశాఖ పిల్లవాడికి కట్టడాన్ని పగలగొట్టి కొండలు పోశారంటే నమ్మకం కుదరలేదు. నాకూ మొదట విన్నప్పుడు అంతే.

సాయంత్రం వాడిని స్కూటరు మీద ఎక్కించుకుని మన పాత మున్సిపల్ స్టేడియం, అదే ఇందిరా ప్రియదర్శిని స్టేడియం వైపు తీసుకెళ్లాను. దీన్ని ఎవరూ కూల్చలేదు. 1988 డిసెంబరు 10న న్యూజిలాండ్‌తో వన్డే ఆడినప్పుడు నేను ఇక్కడే గ్యాలరీలో ఉన్నాను. బ్యాటుకు పేరుపడ్డ శ్రీకాంత్ ఆ రోజు బంతి పట్టుకుని 27 పరుగులకే 5 వికెట్లు తీసి, మళ్లీ బ్యాటింగులో 70 కొట్టాడు. పక్కవాడు నా భుజం మీద కొట్టిన దెబ్బ రెండు రోజులు నొప్పి పెట్టింది. 1996 ప్రపంచ కప్పులో ఇక్కడే కెన్యా మీద మార్క్ వా 130 కొట్టాడు, 2001 ఏప్రిల్‌లో హేడెన్, పాంటింగ్ ఇద్దరూ సెంచరీలు కొడితే ఆస్ట్రేలియా 338 పరుగులు చేసి మనల్ని ఓడించింది. ఆ తరువాత ఇక్కడ అంతర్జాతీయ వన్డే జరగలేదు. 2005లో మధురవాడ స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు నుంచి విశాఖ క్రికెట్ అంటే జనానికి మధురవాడే. వెంబ్లీకి పలుగు దెబ్బ తగిలింది గనుక ఏడ్చేవాళ్లు దొరికారు. ఇక్కడి నుంచి ఆటలు మాత్రమే తరలిపోయాయి. అందువల్ల వీడ్కోలు చెప్పాలన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

ఇంటికి వస్తూ దారిలో మనవడు ఒక ప్రశ్న వేశాడు. బల్బీర్ సింగ్ గోలు కొట్టిన చోటు ఆ నాలుగు కొండల్లో ఏ కొండలో ఉంటుంది? గోలు పడింది గడ్డి మీద, కొండల్లో ఉన్నది కాంక్రీటు, కనుక అందులో ఉన్నది మహా అయితే జనం కూర్చున్న గ్యాలరీ ముక్కలే అని చెప్పాను. "అయితే చూసినవాళ్లు కొండలో ఉన్నారు, ఆడినవాళ్లు లేరన్నమాట" అన్నాడు. నేను బండి నడుపుతూ ఏమీ అనలేదు.

రాత్రి భోజనాలయ్యాక ఫోనులో గడియారం పెట్టి ప్రసంగం చదివించాం. పదకొండు నిమిషాలు వచ్చింది. వాట్కిన్ టవరు తీసేశాం, 1966 తీసేశాం. కుక్కల పందేలు బడిలో బాగుండవని కోడలు అంటే, నాకు మనసొప్పకపోయినా ఎల్విన్‌ను కూడా తీసేశాం. హాకీ మ్యాచి, కూల్చివేత, నాలుగు కొండలు మిగిలాయి. అప్పటికీ ఆరు నిమిషాలు. గుర్రానికీ మన స్వర్ణానికీ సంబంధం లేదని, దాన్ని కూడా తీసేస్తే సరిగ్గా ఐదుకు వస్తుందని ఎంత చెప్పినా వాడు వినలేదు; కావాలంటే ఒక నిమిషం గబగబా చదువుతాను గాని గుర్రం ఉండవలసిందేనని పట్టుబట్టి, కాగితాలు దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.