పాత లారీ ముందే చెబుతుంది, రెండు విషయాల్లో తప్ప

"పాత బండి ఇనుము మందం, అందుకే అన్నేళ్లు నడిచింది" అనే మాట మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర్నుంచి జడ్చర్ల చౌరస్తా దాకా ఎక్కడ విన్నా ఒకటే. అది సగమే నిజం. టాటా 1210 గానీ, 1612 గానీ, లేలాండ్ కామెట్ గానీ విరగని బండ్లేం కావు. కమాన్ (స్ప్రింగ్) పట్టీలు విరిగేవి, హెడ్ గ్యాస్కెట్ కొట్టేసేది, క్రౌన్ పినియన్ (వెనక ఇరుసు గేర్లు) పళ్లు రాలేవి. కాకపోతే పోయేముందు చెప్పి పోయేవి. పొగ రంగు మారేది, చప్పుడు మారేది, ఒకచోట వేడెక్కేది, ఇంకోచోట నూనె చెమ్మ కనబడేది. చూసేవాడికి కన్నూ చెవీ ఉంటే చాలు, రోడ్డు మీద ఆగే బాధ చాలా వరకు తప్పేది. చెప్పకుండా పోయేవి పాత బండిలోనూ రెండున్నాయి: చక్రం లాక్ రింగు, బ్రేకుల గాలి. మనవాళ్లు ఇంజన్ మీద పెట్టిన శ్రద్ధ ఈ రెంటి మీద పెట్టలేదన్నదే నా ఫిర్యాదు. వాటి సంగతి తర్వాత.

సూర్యాపేట దాటాక ఏ దాబా దగ్గర ఆపినా, తెలిసిన డ్రైవరు దిగంగనే చాయ్ వైపు పోడు. బండి చుట్టూ ఒక రౌండు కొట్టి ప్రతి హబ్బుకూ (చక్రం నడిమి భాగం) అరచేతి వెనక వైపు ఆనించి చూస్తాడు. అన్నీ ఒకే తీరు వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఒక్కటే చెయ్యి ఆననియ్యకుంటే, ఆ చక్రం బ్రేకు లైనర్ డ్రమ్మును పట్టుకొని వదలట్లేదు, లేకపోతే బేరింగు బిగుసుకుంది లేదా దాని గ్రీజు అయిపోయింది. జాకీ మీద లేపి చేత్తో తిప్పితే ఏదో తేలిపోతుంది. గరగరమంటే బేరింగు. ఒక్క చోటే పట్టి పట్టి వదిలితే డ్రమ్ము గుండ్రం తప్పింది. తిప్పడానికే బరువుగా ఉంటే లైనర్ వెనక్కి రావట్లేదు. చక్రం లోపలి వైపు నూనె మరక కనబడితే హబ్బు సీలు పోయింది, ఆ నూనె లైనర్ మీదికి చేరితే ఇక ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. పెట్రోలుతో తుడిస్తే పోతుందనేవాళ్లున్నారు. పోదు. లైనర్ లోపలికి ఇంకిన నూనె వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది. లైనర్ మార్చాల్సిందే.

బండ్ల పేర్లలోనే లెక్క ఉండేది. 1210 అంటే లోడుతో కలిపి 12 టన్నుల తరగతి, 100 గుర్రాల శక్తి అటూ ఇటూ. 1612 అంటే 16 టన్నులు, 120 గుర్రాలు. టాటావాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు, ఆ ఒప్పందం 1969తో ముగిసింది. ముందు జాలీ మీది నక్షత్రం పోయి 'టి' అక్షరం వచ్చింది గానీ ఇంజన్ వంశం అదే. 692 ఇంజన్ అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), మొత్తం 4.8 లీటర్లు. 697లో బోరు 97, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 128, మొత్తం 5.7 లీటర్లు. లేలాండ్ లెక్క ఇంగ్లండు లెక్క. 370, 400 అనే అంకెలు క్యూబిక్ అంగుళాలు, అంటే 6, 6.5 లీటర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు కింది గేర్లకు దిగకుండా గుంజే విషయంలో నా ఓటు లేలాండ్‌కే. సామాను దొరకడంలో మాత్రం టాటాకు సాటి లేదు. కోదాడలో పొద్దుగూకాక కూడా నాజిలో, జాయింట్ క్రాసో దొరికేది. లేకపోతే తెల్లారేసరికి విజయవాడ ఆటోనగర్ నుంచి బస్సు మీద దిగేది.

మన దగ్గర ఈ ఇంజన్లను తిన్నది రోడ్డు కాదు, నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ పట్టేది మనిషి ఎముకలను, రేడియేటర్‌ను పట్టేది సున్నం. దారిలో పొలం కాడ మోటరు నడుస్తుంటే డబ్బా పట్టి పోసెయ్యడం అలవాటు. నీళ్లు ఉడికినప్పుడల్లా అందులోని సున్నం గొట్టాల లోపల తెల్లగా పొర కడుతుంది. మొదట లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడే వేడి మీటరు ముల్లు పైకి పోతుంది, కొన్నాళ్లకు చదును రోడ్డు మీద కూడా పోతుంది. పాత రేడియేటర్లు రాగి, ఇత్తడివి కాబట్టి పైనా కిందా ట్యాంకుల అతుకు ఊడదీసి, పలచటి పట్టీ ఊచలు గొట్టాల్లోంచి తోసి, మళ్లీ టంకం పెట్టించొచ్చు. కానీ ఇంజన్ బ్లాకు లోపల, వెనక సిలిండర్ల చుట్టూ పేరుకున్న సున్నానికి ఊచ అందదు. అందుకే ఎప్పుడూ ఐదో, ఆరో సిలిండరే ముందు పట్టేస్తుంటుంది. ఇప్పుడు ఊరూరా ఫిల్టర్ నీళ్ల ప్లాంట్లున్నాయి, 20 లీటర్ల క్యాను తెచ్చి కూలెంట్ కలిపి పోసుకోవడానికి బద్ధకం తప్ప వేరే అడ్డం లేదు.

ఇంకో చెడ్డ అలవాటు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వు) పీకి పారేయడం. "ఎండాకాలం 44 డిగ్రీలు, ఇది ఎందుకు" అని మేస్త్రీలే తీసేస్తారు. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజన్ ఎంతసేపటికీ సరైన వేడికి రాదు. చల్లటి గోడ మీద డీజిల్ సరిగా కాలక నూనెలోకి దిగుతుంది, నూనె పలచబడుతుంది, సిలిండర్ లైనర్లు అరుగుతాయి. ఇంకా విచిత్రం, థర్మోస్టాట్ లేని ఇంజన్‌లో కొంత నీరు రేడియేటర్ దాకా పోకుండా బైపాస్ దారిలోనే తిరిగొస్తుంది. అంటే వేడి తగ్గాలని తీసినందుకు లోడు మీద వేడి పెరుగుతుంది. వేడెక్కుతుందంటే ముందు చూడాల్సినవి ఫ్యాన్ బెల్టు (మధ్యలో బొటనవేలితో నొక్కితే 10, 15 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు), రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న వరి పొట్టు, మూత రబ్బరు.

డీజిల్ సంగతికొస్తే పొగే జాతకం. నల్ల పొగంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. డీజిల్ పంపు విప్పేముందు ఎయిర్ క్లీనర్ చూడండి. పాతవన్నీ నూనె గిన్నె క్లీనర్లు. దేవరకొండ వైపు ఎర్రమట్టి రోడ్ల మీద రెండు ట్రిప్పులు కొడితే గిన్నె అడుగున బురద తేలేది. గిన్నె కడిగి గీత దాకా కొత్త నూనె పోయాలి. గీత దాటితే ఇంజన్ ఆ నూనెను పీల్చుకొని నీలి పొగ పెడుతుంది, సిలిండర్ లైనర్లు అరిగాయని భయపడి పిస్టన్లు దింపించుకున్నవాళ్లూ ఉన్నారు. పొద్దున స్టార్ట్ చేయగానే తెల్ల పొగ వచ్చి వేడెక్కాక ఆగిపోతే అది కాలని డీజిల్. ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే గ్యాస్కెట్ మీద కన్నెయ్యాలి.

ఏ నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పనిచేయట్లేదో తెలియాలంటే ఇంజన్ మెల్లగా నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టును ఒక చుట్టు వదలాలి. వదలగానే ఇంజన్ కుంటితే ఆ సిలిండరు బాగున్నట్టు, ఏ మార్పూ లేకపోతే దొంగ అదే. నట్టు చుట్టూ గుడ్డ చుట్టి చేయాలి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి సూదిమొనంత చుక్కే కనబడుతుంది, లోపల చెయ్యి కుళ్లుతుంది.

డీజిల్ ట్యాంకు ఖాళీ అయ్యి పైపుల్లో ఎయిర్ పట్టిందంటే తొందరపడి సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకోవద్దు. ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదిలి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గరా అంతే. అయినా అందుకోకపోతేనే నాజిల్ పైపు నట్లు వదిలి సెల్ఫ్ కొట్టాలి. ఈ వరస తలకిందులు చేస్తే గంట పని పూటంతా పడుతుంది.

టాపెట్ల (వాల్వుల సందు) మీద మన మేస్త్రీలకు పెద్ద పట్టింపు ఉండదు, చెవితోనే సెట్ చేస్తారు. చెవికి వదులు తెలుస్తుంది, బిగుతు తెలియదు. వదులైతే టకటక కొడుతుంది, గుంజుడు కాస్త తగ్గుతుంది, అంతే. బిగుతైతే చప్పుడే ఉండదు, వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. 697 ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు సందు ఇన్‌లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కాబట్టే దానికి సందు ఎక్కువ. ఫైరింగ్ వరస (సిలిండర్లలో డీజిల్ మండే వరస) 1-5-3-6-2-4. జతలు 1కి 6, 5కి 2, 3కి 4. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు (ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ) ఒకటోదాని టాపెట్లు సెట్ చేయాలి. ఇంజన్‌ను మూడో వంతు చుట్టు తిప్పితే తర్వాతి జత వస్తుంది. ఫీలర్ గేజీ (సందు కొలిచే పలుచటి రేకు) కొంచెం పట్టి వదిలినట్టు జారాలి.

కమాన్ల దగ్గర జరిగే తప్పు ఒక్కటే, యూ బోల్టులు మళ్లీ బిగించకపోవడం. కట్ట మొత్తాన్ని ఇరుసు మీద పట్టి ఉంచేది యూ బోల్టులే. మధ్యలో ఉండే సెంటర్ బోల్టు కట్టను దాని చోట కూర్చోబెట్టడానికే గానీ బరువు గుంజడానికి కాదు. కొత్త కట్ట వేసి సిమెంటు లోడు ఎత్తాక పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకొని యూ బోల్టులు వదులవుతాయి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక లోడు మీదనే మళ్లీ బిగించాలి. లేదంటే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. వెనక వచ్చేవాడికి కనబడుతుంది, నడిపేవాడికి కనబడదు. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టడం మాత్రం దండగ. ఆ ఉక్కు వేడికి పదును పోయి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. విరిగిన ముక్క నేరుగా కమ్మరి కొలిమికి పోవాలి. దానితో చేసిన గొడ్డలికి సాటి లేదు.

ఇక చెప్పకుండా పోయేవి.

10.00-20 టైరు పాత రిమ్ముకు ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య రబ్బరు పట్టీ), పక్కన చీలిక ఉన్న లాక్ రింగు ఉంటాయి. ఆ రింగు రిమ్ము గాడిలో కూర్చొని, 100 పౌండ్ల గాలి టైరును బయటికి తోస్తుంటే ఆపుతుంది. ఆ తోపుడు టన్నుల్లో ఉంటుంది. గాడిలో తుప్పు ఉన్నా, సుత్తి దెబ్బలకు రింగు వంకరపోయినా, గాలి పట్టేటప్పుడు అది ఎగిరి తలకాయ లేపేస్తుంది. దీనికి ముందస్తు చప్పుడేం ఉండదు. గాడిని బ్రష్షుతో శుభ్రం చేయాలి, వంగిన రింగును సాపు చేసి వాడొద్దు, రింగు వైపు నేలకు పెట్టి గొలుసు చుట్టి లేదా ఇనుప బోనులో పెట్టి గాలి పట్టాలి, పొడవు పైపు పెట్టుకొని పక్కకు నిలబడాలి. విప్పేముందు వాల్వు పుల్ల తీసి మొత్తం గాలి వదలాలి. జంట టైర్లలో అయితే రెంటికీ తీయాలి.

బ్రేకుల గాలి ఇంకా మోసకారిది. కంప్రెసర్ పీల్చిన గాలిలోని తేమ ట్యాంకులో నీళ్లవుతుంది. నీళ్లు ఎంత నిండితే గాలికి అంత చోటు తగ్గుతుంది, మీటరు ముల్లు మాత్రం నిండుగానే చూపిస్తుంది. చదును రోడ్డు మీద తెలియదు. దోమలపెంట నుంచి శ్రీశైలం డ్యాం వైపు ఘాట్ దిగేటప్పుడు నాలుగుసార్లు వరసగా తొక్కితే అప్పుడు తెలుస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో ఇంజన్ ఆపి దించేవాళ్లు అప్పట్లో చాలామంది. ఇంజన్ ఆగితే కంప్రెసర్ ఆగినట్టే, ఉన్న గాలే ఆఖరు. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజన్ పట్టుకోవాలి, బ్రేకు తొక్కి వదులుతూ ఉండాలి. తొక్కే పెడితే డ్రమ్ము కాగి లైనర్ జారుతుంది.

స్లాక్ అడ్జస్టర్ (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసేది) చూడటం పెద్ద విద్యేం కాదు. ఒకరు పైన బ్రేకు తొక్కి పట్టుకుంటే, కింద పుష్ రాడ్డుకూ అడ్జస్టర్ చేతికీ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. చెయ్యి దాన్ని దాటి పోతుంటే లైనర్ అరిగింది. లైనర్ డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి తిప్పాలి. ఒక ఇరుసు మీద రెండు పక్కలా సమానంగా ఉండాలి, లేకపోతే తొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది.

గాలి ట్యాంకు అడుగున కాక్ ఉంటుంది, రాత్రి బండి పెట్టేటప్పుడు దాన్ని వదలాలి. "అరే, నీళ్లు ఇడ్సినవా?" అని డ్రైవరు క్లీనర్‌ను అడగని రాత్రి ఉండకూడదు. ఉత్త నీళ్లొస్తే మామూలే. పాలు ఎక్కువైన చాయ్ రంగులో జిగటగా వస్తే కంప్రెసర్ రింగులు పోయి నూనె పంపుతోంది, ఆ నూనె బ్రేకు డయాఫ్రం రబ్బర్లను ఉబ్బిస్తుంది. చివర పొడి గాలి బుస్సుమనేదాకా వదిలి మూయాలి. పొద్దున స్టార్ట్ చేశాక గాలి మీటరు ముల్లు 5 కిలోలు దాటేదాకా బండి కదలకూడదు. అంతసేపట్లో ఒక చాయ్ తాగొచ్చు.