‘సిన్ కార్నే’ అంటే కోడి వచ్చింది

హోటల్ కౌంటరు మీదుండే ప్రింటరు వేరు, వంటింట్లో ఉండే ప్రింటరు వేరు. కౌంటరు దగ్గరది వేడితో అచ్చేస్తుంది, సిరా అక్కర్లేదు. ఆ కాగితాన్నే పొయ్యి పక్కన పెట్టారనుకోండి, సెగకి మొత్తం నల్లబడి వంటవాడికి ఆర్డరేమిటో కనపడదు. అందుకని వంటిళ్లలో ఇప్పటికీ పాతకాలపు రిబ్బన్ ప్రింటర్లే నడుస్తున్నాయి. కిర్రుకిర్రుమని మొత్తుకుంటాయి, జిడ్డు తాగుతాయి, అయినా ఓ పట్టాన చావవు. రిబ్బన్ సగం నలుపు, సగం ఎరుపు. వంటకం పేరు నల్లగా పడుతుంది. ‘ఉల్లిపాయ వద్దు’, ‘చీజు వేరే గిన్నెలో’ లాంటి మార్పులు ఎర్రగా పడతాయి.

న్యూయార్కులో ఇవి బాగుచేయడమే నా ఉద్యోగం. తెనాలిలో ఇరవై ఏళ్లు టీవీలు రిపేరు చేశాను. ఎల్ఈడీలు వచ్చాక చేతికి పని తగ్గింది. మా అక్కయ్య 2003లో మాకోసం పిటిషన్ వేస్తే, 2017లో వీసా వచ్చింది. మధ్యలో పద్నాలుగేళ్లు. వేసినప్పుడు ఉన్న జుట్టు దిగేటప్పటికి లేదు. వచ్చిన ఏడాదికి, హోటళ్లకి బిల్లింగ్ మిషన్లు పెట్టే ఓ చిన్న కంపెనీలో చేరాను. క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్ నుంచి కరోనా దాకా నా ఏరియా. కరోనా అంటే జబ్బు కాదు, పేటే. ఆ పేరు జబ్బుకంటే చాలా ముందుది.

అక్కడ కొలంబియావాళ్ల హోటల్ ఒకటుంది. దానికి మొదటిసారి వెళ్లింది 2018 చలికాలంలో. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద, సరిగ్గా రైలు కింద. 1917 నుంచీ ఆ రోడ్డు నెత్తిన ఏడో నెంబరు రైలు పోతూనే ఉంది. రైలు వెళ్లినంతసేపూ లోపల మాటలు ఆగిపోతాయి, వెళ్లాక ఎక్కడ ఆపారో అక్కడినుంచే మొదలుపెడతారు. ఆ అలవాటు లేనివాళ్లకి అక్కడ కూర్చోవడమే కష్టం.

ఓనరమ్మకి అరవై ఉంటాయి. నాకప్పటికి స్పానిష్ రాదు, ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషులాంటిదే. మిషను పాడైందని ఫోన్ చేశారు కదా అంటే, ‘‘మిషను బాగానే ఉంది, జనమే తిడుతున్నారు’’ అంది. పది రోజుల్నుంచి ఉల్లిపాయ వద్దన్నవాడికి ఉల్లిపాయతోనే వెళుతోందట. ఆవిడ వంటవాణ్ణి కేకలేస్తే, అతను వడ్డించే పిల్లల్ని కేకలేస్తున్నాడు. పిల్లలేమో మేం సరిగ్గానే నొక్కామంటారు. నేను ఒక టిక్కెట్ చింపి చూశాను. నల్ల అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, వాటి కింద ఖాళీ. కాగితాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే సూదులు గుచ్చిన గుంటలు కనపడ్డాయి. ‘సిన్ సెబోయా’, ఉల్లిపాయ లేకుండా. అక్షరాలున్నాయి, సిరానే లేదు. ఎర్ర సగం ఎండిపోయింది. వాళ్లకి మార్పులడిగే గిరాకీ ఎక్కువగా ఉండి ఎరుపు ముందు అయిపోయింది, అంతే. నాలుగైదు డాలర్ల రిబ్బన్. పది రోజులపాటు వంటింట్లో గొడవలు పెట్టింది.

ఓనరమ్మ ఆ కాగితాన్ని వంటవాడికి కూడా వెలుతురులో పట్టి చూపించి, నన్ను కూర్చోమని, ‘‘ఇంజెనియేరో, భోంచేసి వెళ్లండి’’ అంది. ఈ పిలుపు సంగతి తర్వాత తెలిసింది. కొలంబియావాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాణ్ణీ ఇంజనీరంటారు, కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకుంటే డాక్టరంటారు. ఎగతాళి కాదు, మర్యాద. ఇంట్లో పిల్లల్ని కూడా ‘ఉస్తేద్’ అని మీరుతో పిలిచే ఊళ్లున్నాయట వాళ్లకి. మా బావగారు మాత్రం నన్ను ఈరోజుకీ ‘‘మా టీవీ మెకానిక్కు’’ అనే పరిచయం చేస్తారు.

ముందు గిన్నెడు సూప్ వచ్చింది. తర్వాత అన్నం, ఎర్ర చిక్కుడుగింజల కూర, మాగిన అరటికాయ వేపుడు, కోడిముక్క, చెంచాడు సలాడ్. పక్కన గ్లాసుడు జ్యూసు. దీన్ని వాళ్లు కొర్రియెంతే అంటారు, ముద్దుగా కొర్రియెంతాసో. మన ‘భోజనం తయారు’ బోర్డే అనుకోండి. మెనూ చూసేదేమీ ఉండదు, ఆ రోజు వండిందే వస్తుంది. సూప్ తర్వాత వచ్చే పళ్లేన్ని ‘సేకో’ అంటారు, అంటే పొడిది. పులుసు ముందు, పొడి తర్వాత. మనకి తిరగేసిన వరస. జ్యూసు లూలో అనే పండుది, పచ్చగా, పుల్లగా ఉంటుంది. నాకైతే నిమ్మకాయా అనాసా కలిసినట్టు అనిపించింది.

చిక్కుడుగింజలు రెండోసారి అడిగి వేయించుకున్నాను. చిక్కగా, నోట్లో కరిగేలా ఉన్నాయి. అంత రుచి ఎలా వచ్చిందని అడిగితే వంటవాడు నవ్వి, కుండలోంచి గరిటెతో పైకెత్తి చూపించాడు. పంది కాలు.

నేను పంది తినను. గొడ్డు మాంసమూ తినను. అప్పటికే తినేశాను. పొరపాటు వాళ్లది కాదు, నేనడగలేదు. కానీ ఆ రాత్రి మా ఆవిడకి చెప్పలేదు. ఇది చదివితేనే తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా ఆ హోటల్ బాగుంటుందా అంటే సూటిగా జవాబు చెప్పలేను. జాక్సన్ హైట్స్‌ని కొలంబియావాళ్లు చపినేరీతో అంటారు. బొగొటా నగరంలో చపినేరో అనే పేట ఉంది, ఇది చిన్న చపినేరో అన్నమాట. 60వ దశకం నుంచి వాళ్లు ఇక్కడికి వస్తున్నారు. మనవాళ్లు 74వ వీధికి చేరింది ఆ తర్వాత దశకంలో. ఇప్పుడక్కడ చీరలు, నగలు, కరివేపాకు దొరుకుతున్నాయిగానీ, మొదట మనవాళ్లని అక్కడికి రప్పించింది 220 వోల్టుల ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే కొట్టు. ఇండియా వెళ్లేటప్పుడు పట్టుకెళ్లడానికి కొనేవారట. టీవీ మెకానిక్కుని కాబట్టి ఈ ముక్క నాకు ఇష్టం.

ఇన్నేళ్లుగా పాతుకున్న పేటలో హోటల్ నడపడమంటే సొంతవాళ్ల చేతిలోనే ఎక్కువ మాటలు పడాలి. అహియాకో అని బొగొటావాళ్ల కోడి సూప్ ఉంది. మూడు రకాల బంగాళాదుంపలు వేస్తారు, ఒక రకం పూర్తిగా కరిగి సూప్ చిక్కబడాలి, గ్వాస్కాస్ అనే ఆకు పడాలి. ఆ ఆకు వాసన చాల్లేదని ఒక పెద్దాయన ప్రతి ఆదివారం గొణుక్కుంటూనే గిన్నె ఖాళీ చేసేవాడు. ఓనరమ్మది మెదెయిన్ అనే నగరం వైపు. ఆ వైపువాళ్ల గొప్ప అంతా బందేహా పైసా అనే పళ్లెం. అన్నం, చిక్కుడుగింజలు, ఖీమా, పంది చర్మం వేపుడు, సాసేజి, గుడ్డు, అరటికాయ, అవకాడో, పైన ఓ చిన్న అరేపా రొట్టె, ఇవన్నీ ఒక్కళ్లకే. సముద్రపు ఒడ్డువాళ్లు వచ్చి ఇక్కడ చేపల పులుసు దండగ అంటారు. మన గుంటూరు మనిషి వరంగల్ మెస్సులో కూర్చుని పప్పుకి వంక పెట్టినట్టే.

ఇక మనవాళ్ల ఫిర్యాదు ఒకటే, చప్పగా ఉంది. అందులో అబద్ధం లేదు. వాళ్ల అరేపా తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన మందపాటి రొట్టె, మెదెయిన్ వైపు అందులో ఉప్పు కూడా వేయరు. దాంతోపాటు వచ్చే ఆహీ అనే పచ్చటి కారంలో కొత్తిమీర, ఉల్లికాడ, వెనిగర్ ఉంటాయి, మిరపకాయ ఉండీ లేనట్టు ఉంటుంది. మా కుర్రాళ్లు దాన్ని గ్లాసుల్లెక్కన తాగుతారు. అన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది అగ్వపనేలా. పనేలా అంటే బెల్లం. నీళ్లలో కాచి, నిమ్మకాయ పిండి ఇస్తారు. మిరియాలూ యాలకులూ లేని పానకం. చలికాలంలో వేడిగా ఇచ్చి అందులో చీజు ముక్కలు వేస్తారు. శ్రీరామనవమి పందిట్లో తాగినవాడికి అది చూస్తే కళ్లు తిరుగుతాయి. నాకు అలవాటైపోయింది.

అసలు గొడవ మా ఇంటివాళ్లతో వచ్చింది. మేనకోడలు డిగ్రీ అయిందని అక్కయ్యా బావగారూ న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బంధువుల్ని వెంటేసుకుని వచ్చారు. తొమ్మిదిమందిమి. నేనే బడాయికి పోయి ఆ హోటల్‌కి తీసుకెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం, టీవీలో ఫుట్‌బాల్, పైన రైలు. ముప్పావుగంటకి తిండి వచ్చింది. బావగారు శాకాహారి. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, ఫోన్లో చూసి ‘‘సిన్ కార్నే’’ అని ఆయనే ఆర్డరిచ్చారు, మాంసం లేకుండా అని. అన్నం మీద నిగనిగలాడుతూ కోడి తొడ వచ్చింది.

వడ్డించే అమ్మాయి తప్పేమీ లేదు. ఆ పేటలో కార్నే అంటే చాలామందికి గొడ్డు మాంసమే. అది వద్దన్నాడు పాపం, పెద్దాయన, పళ్లెం బోసిగా వెళ్లకూడదని వంటవాడు కోడిముక్క వేశాడు. మర్యాద చేశామనుకున్నారు వాళ్లు. బావగారు పళ్లెం అవతలికి తోసేశారు. తిన్నాక అరగంట కూర్చున్నా బిల్లు రాలేదు. అక్కడ అడగకుండా బిల్లు తెచ్చిపెడితే లేచి పొమ్మన్నట్టు. అది నాకు తెలుసు, చెప్పడం మర్చిపోయాను. చివరికి బిల్లు వచ్చింది. తిండికి 270 డాలర్లు. బావగారు దాని మీద ఇరవై శాతం, 54 డాలర్లు టిప్పు రాసి సంతకం పెట్టారు. కారెక్కాక కళ్లజోడు పెట్టుకుని రసీదు మళ్లీ చూస్తే, ‘ప్రొపీనా ఇంక్లుయీదా’ అని చీమంత అక్షరాల్లో ఉంది. పెద్ద బ్యాచ్ కాబట్టి పదిహేను శాతం టిప్పు ముందే కలిపేశారు. 40 డాలర్ల 50 సెంట్లు. మొత్తం టిప్పు 94 డాలర్లా యాభై.

‘‘ఏవోయ్, కోడి ముక్కకి తొంభై నాలుగు డాలర్లు టిప్పిచ్చినవాణ్ణి నేనే’’ అన్నారు. ఇంటికెళ్లి ఫోన్లో ఆ హోటల్‌ రేటింగుకి ఒక్క చుక్క కొట్టారు, కింద పెద్ద వ్యాసం రాశారు. అందులో ‘మా బావమరిది మాటవిని’ అని కూడా ఉంది.

నాకు సిగ్గేసింది గానీ, సిగ్గు కంటే ముందు ఇంకోటి తోచింది. ఆ రసీదు ఫార్మాట్ పెట్టింది మా కంపెనీయే. టిప్పు ముందే కలిపినా, కింద ‘టిప్పు: ____’ అని ఖాళీ గీత మళ్లీ ఎందుకు వస్తోంది? వస్తోందంటే సెట్టింగులో ఎవరో టిక్కు తీయలేదు. నేనే కావచ్చు. ఇక్కడ టిప్పు చిన్న విషయం కాదు. 2025లో న్యూయార్క్ నగరంలో కనీస వేతనం గంటకి 16 డాలర్ల 50 సెంట్లు, కానీ వడ్డించేవాళ్లకి యజమాని చేతినుంచి 11 ఇస్తే సరిపోయేది, మిగతాది టిప్పులు పూడుస్తాయని లెక్క. అంటే ఆ అమ్మాయి జీతంలో మూడోవంతు గిరాకీ చేతిలో ఉంది. టిప్పు లెక్క తెలియక తికమకపడే కొత్తవాళ్లకి పాత న్యూయార్కర్లు చెప్పే కిటుకొకటుంది, బిల్లు మీద పన్నుని రెండింతలు చెయ్యి అని. పన్ను 8.875 శాతం కాబట్టి 17.75 అవుతుంది. బావగారు న్యూజెర్సీ మనిషి, అక్కడి పన్ను తక్కువ, ఆ కిటుకు ఆయనకి పనికిరాదు. అదికూడా ఆయనకి కోపమే.

మర్నాడు పిలవకుండానే వెళ్లాను. ఓనరమ్మ అప్పటికే ఆ వ్యాసాన్ని కూతురి చేత స్పానిష్‌లోకి మార్పించుకుని చదివేసింది. ఆ బావమరిదిని నేనేనని చెప్పాను. ఒక్క క్షణం చూసి, సొరుగు తీసి 54 డాలర్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. ఆ డబ్బు అప్పటికే పిల్లలు పంచుకున్నారని, ఇది ఆమె సొంతమని నాకు తెలుసు. తీసుకుని బావగారికి పంపాను. ఆయన చుక్కలు ఒకటి నుంచి మూడు చేశారు. నాలుగు చేయరా అంటే, ‘‘కోడి సంగతో?’’ అన్నారు.

నేను టిప్పు కలిపినప్పుడు ఖాళీ గీత రాకుండా చేశాను. ‘టిప్పు కలిపేశాం’ అని స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాల్లో పడేలా పెట్టాను. తర్వాత వంటింటి బటన్ల దగ్గర కూర్చున్నాం. ‘సిన్ కార్నే’ని తీసేసి ‘గొడ్డు లేకుండా’, ‘పంది లేకుండా’, ‘కోడి లేకుండా’ అని మూడు ముక్కలు చేశాను. ఓనరమ్మ అంతా చూసి, ‘‘బటన్ నొక్కితే కుండలోంచి పంది కాలు బయటికొస్తుందా, ఇంజెనియేరో?’’ అంది. రాదు. చిక్కుడుగింజలు పొద్దున్నే ఒకే కుండలో ఉడుకుతాయి. వేరే కుండ పెడితే తినే నలుగురికోసం మిగిలింది పారబోయాలి. ఆమె లెక్క సబబే.

చివరికి తేలింది ఒక పళ్లెం. అన్నం, మాగిన అరటికాయ, గుడ్డు, అవకాడో, అరేపా, పైన టమాటా ఉల్లికాడ వేయించిన ఓగాఓ. నూనె సంగతీ అడిగాను. పంది చర్మం దాని కొవ్వులో అదే వేగుతుంది, దానికి వేరే మూకుడట. ఈ పళ్లేనికి బటన్ మీద ఏం పేరు రాయాలని అడిగితే, ఆమె ఆలోచించకుండా ‘‘ఇందూ’’ అంది. స్పానిష్‌లో ఇండియా మనిషి ఎవరైనా ‘హిందూ’నే, హ పలకరు. మతంతో పని లేదు. నేను సర్దిచెప్పబోయి మానుకున్నాను.

మా కంపెనీలో హైదరాబాద్ మలక్‌పేట నుంచి వచ్చిన భాయ్ ఒకాయన ఉన్నాడు. శుక్రవారం నమాజ్ అయ్యాక మేమిద్దరం ఆ ఏరియాలో పడితే అక్కడే తింటాం. పంది ఉండదని ఆయనకి ఆ పళ్లేనిదే భరోసా. వడ్డించే అమ్మాయి మా బల్ల దగ్గరికొచ్చి అడగడం కూడా మానేసింది, మమ్మల్ని చూడగానే నొక్కేస్తుంది. లోపల ప్రింటరు కిర్రుమంటుంది. వంటవాడు టిక్కెట్ చింపుతూ అరుస్తాడు, ‘‘దోస్ ఇందూస్!’’ రెండు హిందువులు.

‘‘ఆగయా అప్నా,’’ అంటాడు భాయ్, చేతులు తుడుచుకుంటూ.