ఇక్కడ కూడా గోదావరేనా అమ్మా?

“అమ్మా, ఇక్కడికి వచ్చి కూడా గోదావరినే చూడాలా?” అని మా 11 ఏళ్ల అమ్మాయి అడిగిన మాట, సెనెగల్ దేశంలోని సలూమ్ నది డెల్టా నుంచి మేముండే రాజధాని డకార్‌కు తిరిగి వచ్చి రెండు వారాలు గడిచినా నన్ను వదలలేదు. అది విసుగుతో అన్న మాట కాదు. పడవ ముందు భాగంలో కూర్చుని, వెనక్కి తిరిగి, బతిమాలుతున్నట్టుగా అడిగింది. అప్పటికి గంట సేపటి నుంచి నేను మడచెట్లు కనబడితే కోరంగి అనీ, లకుముకి పిట్ట వాలితే మా లంక రేవు అనీ, ఎదురుగా పిరోగ్ వస్తే మా నాటు పడవ అనీ చెబుతూనే ఉన్నాను.

నేను కోనసీమ లంకలో పుట్టాను, తను డకార్‌లో పుట్టింది. ఆ డెల్టాలోని టూబాకూటా అనే ఊరికి ప్రయాణం కోసం పట్టుబట్టింది నేనే. అమ్మమ్మ ఊరికి తరచుగా తీసుకెళ్లలేని లోటును ఈ డెల్టాతో కొంతైనా పూడ్చవచ్చునని నాకు ఆశ ఉండేది. పోలికలన్నీ నా ఊహలు కూడా కావు. గోదావరి ముఖద్వారంలో ఉన్నట్టే ఇక్కడా బురదలోకి వేళ్లు దించిన ఉప్పుపొన్న జాతి చెట్లూ, వాటి వెనుక మడ జాతి చెట్లూ ఉన్నాయి. ఆటు వేళ బయటపడిన వేళ్లకు ఆలిచిప్పలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. స్త్రీలు మోకాలి లోతు బురదలో దిగి గుల్లలు ఏరుతారు. ఇవన్నీ చూసి నా కళ్లు నిజంగానే చెమర్చాయి.

అయితే ఆ నీటి గురించే నేను పొరబడ్డాను. పడవ నడిపే ఆయనతో ఇక్కడి వోలోఫ్ భాషలో మాట్లాడుతున్న మా అమ్మాయి, నది పైకి వెళ్లేకొద్దీ నీళ్లు ఇంకా ఉప్పగా ఉంటాయట అని నాకు చెప్పింది. నేను వెంటనే కాదన్నాను. నది ఎక్కడైనా పైన తీపిగానూ సముద్రం దగ్గర ఉప్పగానూ ఉంటుందనీ, నదీతీరంలో పెరిగినదాన్ని నాకు తెలియదా అనీ వాదించాను. ఆయన చెప్పినదే నిజం. 1970ల కరువుల నుంచి వానలు తగ్గి సలూమ్‌లోకి పైనుంచి వచ్చే మంచినీరు చాలా స్వల్పమైపోయింది. పోటుతో లోపలికి వచ్చిన సముద్రపు నీరు ఎండకు ఆవిరై చిక్కబడుతుంది. అందుకే సముద్రానికి అంత దూరాన ఉన్న కావొలాక్ పట్టణం దగ్గర నది నీరు సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది, అక్కడ ఉప్పు కూడా పండిస్తారు. ఆ కరువు ఏళ్లలో పై భాగంలోని మడచెట్లు పెద్ద ఎత్తున ఎండిపోయి, ఉప్పు పేరిన బోడి నేలలు మిగిలాయి. నేను గోదావరిని చూస్తున్నంత సేపూ నా కళ్ల ముందున్న నది కష్టం నాకు కనబడలేదు.

డెల్టాలోని ద్యోరోన్ బుమాక్ అనే గుల్లల దిబ్బ మీద నేను మాట్లాడకుండా ఉండటానికి ప్రయత్నించాను. మా వైపు గుల్లలు కాల్చి సున్నం చేసేవారని చెప్పబోయి ఆగాను. తరతరాల మనుషులు తిని పడేసిన గుల్లలే గుట్టలై, వాటి మీద బావోబాబ్ చెట్లు మొలిచాయి. యునెస్కో 2011లో ఈ డెల్టాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు ఇలాంటి దిబ్బలు 218 లెక్కకు వచ్చాయి, వాటిలో 28 దిబ్బల మీద సమాధులు ఉన్నాయి. అన్నం తిన్న చోటే చనిపోయినవారిని ఎందుకు పెట్టారు అని మా అమ్మాయి పడవ నడిపే ఆయనను అడిగింది. నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

ఇక చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్న సంగతి. మధ్యాహ్నం ఒక దీవి ఊళ్లో ఒక ఇల్లాలు “కాయ్ లెక్” అని భోజనానికి పిలిచింది. ఒకే పెద్ద పళ్లెంలో చెబుజెన్, అంటే చేపలతో వండిన అన్నం, పెట్టి చుట్టూ అందరూ కూర్చున్నారు. మా అమ్మాయి చేయి కడుక్కుని కూర్చోబోతుంటే, ఎంగిలి అని తెలుగులో గొంతు తగ్గించి చెప్పి, చేయి పట్టుకుని ఆపాను. “అమ్మమ్మ ఒకే పళ్లెంలో కలిపి మా అందరికీ ముద్దలు పెడుతుంది కదా, అది ఎంగిలి కాదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చెట్లనూ పడవలనూ పిట్టలనూ మనవే అన్నదాన్ని, మనుషులు తమతో కూర్చోమంటే వెనక్కి తగ్గాను. చివరికి కూర్చున్నాం. ఎవరి ముందు భాగం వారే తినాలనీ, పక్కవారి వైపు చేయి చాపకూడదనీ మా అమ్మాయే నాకు నేర్పింది. ఆ ఇల్లాలు చేపను విడదీసి మంచి ముక్కలను మా వైపు జరుపుతూనే ఉంది.

ఇక్కడికి కొత్తగా వచ్చే మన కుటుంబాలకు, ఇంట్లో తెలుగే మాట్లాడండి, మన ఊరిని పిల్లల కళ్లకు కట్టండి అని నేను ఎన్నోసార్లు చెప్పాను. తెలుగు విషయంలో ఇప్పటికీ అదే చెబుతాను. రెండో మాట విషయంలో మాత్రం నాకు మునుపటి ధైర్యం లేదు. నేను కళ్లకు కట్టినది ఊరో, గంతలో నాకే తెలియడం లేదు. అలాగని మానగలనా అంటే, సాయంత్రం కొంగలూ గూడబాతులూ గుంపులుగా మడచెట్ల మీదికి చేరుతుంటే, మా ఊరి చెరువుగట్టు మాట మళ్లీ నా నోటి దాకా వచ్చింది.

మొన్న ఆదివారం ఫోన్‌లో మా అమ్మాయి అమ్మమ్మకు ప్రయాణం సంగతులు చెప్పింది. మడచెట్ల మధ్య పాయలను ఇక్కడ బోలోంగ్ అంటారని వివరించబోతే, “అంటే ఉప్పుటేరన్న మాట” అంది మా అమ్మ. ఆ మాట తనకు నచ్చి రెండుసార్లు పలికింది. తరువాత, పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఉప్పగా ఉంటుందని చెబితే అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరూ చాలా సేపు వాదించుకున్నారు, నేను కలగజేసుకోలేదు. పళ్లెం సంగతి మాత్రం తను అమ్మమ్మకు చెప్పలేదు. పడవ దిగేటప్పుడే, అది చెప్పవద్దని నేను తన దగ్గర మాట తీసుకున్నాను.