నీటికాసుల పరీక్షలు: నన్ను ఏడిపించిన లైట్ల మిషను

నాన్నకి నీటికాసులు, అంటే చూపు నరం మెల్లగా దెబ్బతినే గ్లాకోమా జబ్బు. ఒక కంటి చూపు చాలావరకు పోయాక గానీ బయటపడలేదు. కన్నవాళ్లకో తోబుట్టువులకో ఉంటే మనకీ ముప్పు ఎక్కువట. పైగా నాకు 46 ఏళ్లు, కళ్లద్దాలు మైనస్ 7. ఎక్కువ మైనస్ ఉన్నా ముప్పేనట. అందుకే మొన్న సెలవుల్లో పరీక్షలన్నీ చేయించుకొచ్చాను.

కంటి ప్రెషర్ చూడటం నిమిషం పని. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉంటుందట, నాకు 24 వచ్చింది. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం కొలవడం, స్కాన్ తీయడం చిటికెలో అయిపోయాయి.

ఏడిపించింది చుట్టూ ఎంతవరకు కనపడుతుందో చూసే ఫీల్డ్ టెస్టే. ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నెలాంటి మిషనులో తల పెట్టించి, చేతికి బటన్ ఇచ్చారు. మధ్య చుక్కనే చూస్తూ, పక్కన ఎక్కడ లైటు మెరిసినా నొక్కాలి. కాసేపటికి లైట్లే కనపడలేదు. గుండె గుభేలుమంది. చూపు పోయిందనుకుని టకటకా నొక్కేశాను. "ఆంటీ, కనపడితేనే నొక్కండి! ఊరికే నొక్కితే ఎలా?" అని టెస్టు చేసే అమ్మాయి బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా కసిరింది. "ఈవిడకి అర్థం కావట్లేదు సార్" అని లోపలికి కూడా చెప్పింది. ఇరవై ఏళ్లుగా పదో తరగతికి లెక్కలు చెప్తున్నదాన్ని, నాకు అర్థం కాదట!

ఎంత మసక లైటు వరకు కనపడుతుందో మిషను వెతుకుతుందట. అందుకే మంచి చూపున్నవాళ్లకీ సగం లైట్లు కనపడవని తర్వాత డాక్టరు గారు చెప్పారు. ఈ ముక్క ముందే చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది? మర్నాడు ఇంకొకావిడ కూర్చోబెట్టింది. గడ్డం ఆనించే స్టాండు సరిచేసి, "రెప్ప వేయొచ్చమ్మా, అలసిపోతే బటన్ నొక్కి పట్టుకోండి, ఆగుతుంది" అంది. ఈసారి రిపోర్టు శుభ్రంగా వచ్చింది.

మరి ప్రెషర్ ఎందుకు పెరిగింది? కళ్ల దురదకి మా వీధి మెడికల్ షాపాయన చీటీ లేకుండానే నెలల తరబడి ఇచ్చిన చుక్కలు స్టెరాయిడ్‌వట! కొందరికి వాటివల్లే ప్రెషర్ పెరుగుతుందట. అవి మాన్పించి, వచ్చే నెల మళ్లీ చూస్తామన్నారు. ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లూ కంటి డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. ఆ షాపుకి మాత్రం ఇక చచ్చినా వెళ్లను.

నాన్నకి ఉంది కాబట్టి మా తమ్ముడికీ ముప్పే, పైగా వాడికి షుగర్ కూడా ఉంది. "నాకు బాగానే కనపడుతోంది కదక్కా" అంటాడు. శనివారానికి వాడి పేరు నేనే రాయించి, డబ్బు కూడా కట్టేశాను. డబ్బు పోతుందంటే వాడే పరిగెత్తుకొస్తాడు.